ఒక వాక్యం సేపు

జూలై 14, 2018

కుట్లు విప్పేశారు. డాక్టరు కళ్ళలోకి లైటు వేసి చూశాడు. పేరూ ఊరూ అడిగాడు, వేళ్ళు కదపమన్నాడు. సోమవారం నుంచి ఆఫీసుకు వెళ్ళొచ్చన్నాడు. ప్రభువుకు స్తోత్రం.

మా ఆయన ప్రేమ్ దారంతా నన్ను పరీక్షిస్తూనే వచ్చాడు, పడిన రోజు సంగతులు ఏం గుర్తున్నాయని. అన్నీ గుర్తున్నాయి. రాయపూర్ అవతల మందిర్ హసౌద్‌లో మా ఆఫీసు ఆవిడ ఇంట్లో భోజనం, తిరిగొస్తుంటే వాన, రోడ్డు మధ్యలో పడుకున్న ఆవులు, బ్రేకు వెయ్యగానే జారిన స్కూటీ. హెల్మెట్ పట్టీ బిగించుకోలేదన్నది కూడా గుర్తుంది. ఇంత గుర్తున్న బుర్రకు ఏమవుతుంది?

అత్తమ్మ నా నుదుటి మీది మచ్చ చూసి ఏటయిందని అడిగింది. చెప్పాను. టీ తాగడం పూర్తికాకుండానే మళ్ళీ అడిగింది. మళ్ళీ చెప్పాను. నిరుడు మెదడువాపు జ్వరం వచ్చి తగ్గినప్పటి నుంచి ఆవిడ బుర్రలో కొత్త సంగతేదీ నిలవదు. యాభై ఏళ్ళ కిందటివి మాత్రం నిన్న జరిగినట్టు చెబుతుంది.

జూలై 19

ఆఫీసులో అందరూ మంచిగా చూస్తున్నారు. కొంచెం అలసటగా ఉంటోంది. హెడ్ క్లర్కు పెద్దబాబు ఒక ఫోన్ నంబరు చెప్పాడు. టేబుల్ దాకా వచ్చేసరికి సగం పోయింది. ఆయన మరీ గబగబా చెబుతాడు.

జూలై 22, ఆదివారం

మందిరానికి వెళ్ళాను. అందరూ చుట్టూ చేరారు. పాస్టర్ జోసెఫ్ అయ్యగారు వచ్చే వారం నుంచి మళ్ళీ తన ప్రసంగం తర్జుమాకి నిలబడమన్నారు. నేను లేని వారాల్లో గుఢియారీ పేట పిల్లలు వెనక బెంచీల్లో ఫోన్లు చూసుకుంటూ కూర్చున్నారట. వాళ్ళకు తెలుగు రాదు. అయ్యగారికి బొబ్బిలి తెలుగు తప్ప ఇంకేదీ నోటికి సరిగా రాదు. మధ్యలో నేను. పెళ్ళయిన కొత్తల్లో ఒకరోజు తర్జుమా చేసేవాళ్ళు రాకపోతే నన్ను ముందుకు తోశారు. అప్పటి నుంచీ అదే నా చోటు. ఆయన ఒక వాక్యం చెప్పి ఆగుతారు, నేను హిందీలో చెబుతాను, ఆయన ఇంకోటి అందుకుంటారు.

ఆ గంట నాకు ఆకలి కూడా వెయ్యదు. ఎప్పుడూ ఎవరితోనూ అనలేదు గానీ, వారమంతా దాని కోసమే ఎదురు చూస్తాను.

జూలై 29, ఆదివారం

మైకు బాగా లేదు. అయ్యగారి మాట సరిగా వినపడలేదు. పైగా ఆయన వాక్యాలు ఈమధ్య మరీ పొడుగయ్యాయి.

ఆగస్టు 2

రెండు పొయ్యిల మీద రెండు పెట్టాను. పప్పు చూసుకుంటే పాలు పొంగాయి. పాలు తుడుస్తుంటే పప్పు మాడింది. ఎవరికి జరగదు?

ఆగస్టు 5, ఆదివారం

ఈ రోజు రాయకూడదనుకున్నాను.

అయ్యగారు వాళ్ళమ్మ కథ చెప్పారు. ఆవిడ ఊరూరా తిరిగి ఉప్పు అమ్మేదట. ఒక్క ఊపిరిలో ఇలా అన్నారు. ఉప్పు తడిసిపోతుందని తెలిసి కూడా, ఉన్న ఒక్క గొడుగూ దారిలో కనిపించిన బాలింత చేతికిచ్చి, తను వానలో నిలబడ్డ అమ్మను నేను ఆ రోజు అర్థం చేసుకోలేకపోయాను అని. ఇప్పుడు ఇంట్లో కూర్చుని రాస్తుంటే ప్రతి మాటా వస్తోంది. అక్కడ, ఆయన ఆగి నా వైపు చూసినప్పుడు, "ఉప్పు", "వాన" తప్ప ఏమీ లేదు. నా బుర్ర గూడ్సుబండి పోయాక ఖాళీగా ఉన్న పట్టాల్లా ఉంది.

నోరు మాత్రం ఊరుకోలేదు. మా అమ్మ ఉప్పు వానలో తడిసిపోయింది, నాకు ఆవిడ మీద కోపం వచ్చింది అని హిందీలో చెప్పేశాను. పిల్లలు నమ్మారు, తల ఊపారు. రెండు భాషలూ వచ్చిన పెద్దవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అయ్యగారు మిగతా ప్రసంగం బాగా కుదించేశారు.

ఆయన నోట్లో లేని మాట పెట్టాను. అదీ వాళ్ళమ్మ గురించి.

ఆగస్టు 6

అలసట. అంతే.

ఆగస్టు 12, ఆదివారం

జ్వరమని చెప్పి వెళ్ళలేదు. జ్వరం లేదు.

ఆగస్టు 19, ఆదివారం

ప్రేమ్ ఒక్కడే వెళ్ళొచ్చాడు. నేనడక్కుండానే చెప్పాడు. అయ్యగారు తనే హిందీలో చెప్పబోయి తడబడ్డారట. పిల్లలు ఒక్కొక్కరే లేచి బయటికి పోయారట. సంఘపెద్దలు ఒక మాట అనుకున్నారు. నవంబరులో కోత పండుగ అయ్యాక ఆదివారం ఆరాధన పూర్తిగా హిందీలోకి మార్చి, తెలుగును వారం మధ్యలో ముసలివాళ్ళ ప్రార్థనకు పెడదామని. హిందీ పాస్టర్ ఎవరైనా దొరుకుతారేమో వెతుకుతున్నారు. అయ్యగారు తల దించుకుని విన్నారట.

నాకేం సంబంధం? ఎప్పటికైనా జరగాల్సిందే.

ఆగస్టు 24

ప్రేమ్ ఈ రోజు షాపు నుంచి తొందరగా వచ్చాడు. బ్యాంకు పని, గ్యాసు బుకింగు, అమ్మ మందులు అని పొద్దున వరసగా చెప్పి వెళ్ళాడు. మందులు ఒక్కటే తెచ్చాను. మిగతావి చెప్పలేదని వాదించాను. గట్టిగానే వాదించాను.

అతను కోప్పడలేదు. చెప్పులు విప్పి గుమ్మంలోనే కూర్చుని అన్నాడు: "లిడియా, పడినప్పటి నుంచీ చూస్తన్నాను. నువ్వు నాకు చెప్పట్లేదు. నేనూ భయపడి అడగట్లేదు. అమ్మకొచ్చిందే నీకూ వచ్చిందేమోనని భయం. బస్, ఇంక చాలు. ఎవరికైనా చూపించుకుందాం."

అప్పుడు ఏడ్చాను. నా భయం కూడా అదే. ఆ మాట ఇంత వరకు ఇక్కడ కూడా రాసుకోలేదు.

సెప్టెంబరు 4

దేవేంద్ర నగర్‌లో రాజశ్రీ అనే అమ్మాయి దగ్గరికి వెళ్ళాం. తలకు దెబ్బ తగిలినవాళ్ళకూ పక్షవాతం వచ్చినవాళ్ళకూ మాట, ఆలోచన మళ్ళీ గాడిలో పెట్టే పని ఆమెది. రైల్వే తెలుగువాళ్ళ అమ్మాయే, ఇక్కడే పుట్టింది. ఆమె తెలుగులో సగం హిందీ.

నా జ్ఞాపకశక్తి బాగానే ఉందని ముందే చెప్పాను. సరే చూద్దాం అంది. పెళ్ళి రోజు గురించి అడిగింది, చెప్పాను. సండే స్కూల్లో కంఠస్థం చేసిన కీర్తన ఏదైనా చెప్పమంది, మొదటి నుంచి చివరి దాకా ఆగకుండా చెప్పాను. ఊలూ సూదులూ చేతికిస్తే మాట్లాడుతూనే అల్లాను. కొంచెం గర్వంగా కూడా అనిపించింది. తర్వాత కొన్ని అంకెలు చెప్పి, వాటిని వెనక నుంచి ముందుకు చెప్పమంది. మూడు దాటితే రాలేదు. అంకెలు గుర్తు పెట్టుకుంటే తిప్పడం కుదరలేదు. తిప్పబోతే అంకెలు పోయాయి. చిన్నపిల్లల ఆటలా ఉంది. చెమట్లు పట్టాయి.

ఆమె కుర్చీ దగ్గరికి జరుపుకుని చెప్పింది: "మేడమ్, మీరన్నది సచ్. మీ జ్ఞాపకాలు ఎక్కడికీ పోలేదు. పెళ్ళిరోజు, కీర్తన, అల్లిక, ఇవన్నీ దాచుకున్నవి. ఒక్కోటి ఒక్కో తీరుగా దాచి ఉంటాయి, కానీ అన్నీ ఉన్నాయి. మీకు దెబ్బ తగిలింది దాచుకునే చోట కాదు. ఒక మాట విన్నాక, దాంతో పని అయ్యేదాకా పట్టుకుంటాం చూడండి, అక్కడ. అది కొన్ని క్షణాలే ఉంటది. పని అవగానే వదిలేస్తాం. ఫోన్ నంబరు నొక్కేదాకా, కూడిక అయ్యేదాకా, ఒక వాక్యం పూర్తయ్యేదాకా. మీరు చేసే తర్జుమాలో అయితే పట్టుకోవాలి, దాన్నే ఇంకో భాషలోకి తిప్పాలి, రెండూ ఒకేసారి. అంతకన్నా బరువు పని ఇంకోటి లేదు."

మరి ఇంటికొచ్చాక అయ్యగారి వాక్యం మొత్తం గుర్తొచ్చింది కదా అన్నాను. అది నెమ్మదిగా లోపలికి వెళ్ళి దాగింది, అవసరమైన క్షణంలో మాత్రం చేతికి అందలేదు అంది.

ప్రేమ్ వాళ్ళమ్మ సంగతి అడిగాడు. రాజశ్రీ, ఆవిడకు ఒక పొడుగు వాక్యం చెప్పి వెంటనే తిరిగి చెప్పమని అడిగి చూడండి అంది. బహుశా అక్షరం పొల్లుపోకుండా చెబుతారు, కాసేపాగి అడిగితే మాత్రం ఆ వాక్యం విన్నట్టే తెలియదు అంది. ఆవిడకు దెబ్బ తిన్నది ఇంకో చోటు.

బాగవుతుందా అని అడిగాను. దెబ్బ వల్ల వచ్చింది కాబట్టి నెలలు గడిచే కొద్దీ చాలా వరకు తేరుకోవచ్చు, పూర్తిగా మునుపట్లా అవుతుందని మాటివ్వను అంది. ఏదో ఆట ఆడితే ఆ చోటు పెద్దదైపోతుందని ఎవరైనా చెబితే నమ్మొద్దు అంది. నిద్ర, ఒకసారి ఒకే పని, పెద్దదాన్ని చిన్న ముక్కలుగా తీసుకోవడం, జారిపోతే సిగ్గుపడకుండా మళ్ళీ అడగడం.

చివరిదే కష్టం.

సెప్టెంబరు 5

మా సంఘంలోని చిన్నారావు మాస్టారి పేరు పెట్టి ఒక వాక్యం అత్తమ్మకు చెప్పి చూశాను: "బజారుకెళ్ళిన చిన్నారావు మాస్టారు గొడుగు మరిచిపోయి తడిసి వచ్చి మనింటి వరండాలో నిలబడ్డారు." మళ్ళీ చెప్పమన్నాను. ఒక్క మాట తప్పకుండా చెప్పింది. పైగా, తువ్వాలు ఇచ్చావా లేదా అని అడిగింది.

కూరగాయలు తరిగి వచ్చి, మాస్టారు ఎందుకు తడిశారని అడిగాను. "ఏ మాస్టారే?" అంది.

నేను ఆవిడలా కావట్లేదు. ఆవిడ నాలా లేదు. ఎందుకో చాలా రోజుల తర్వాత గుండె తేలికపడింది. పాపం ఆవిడ అని కూడా అనిపించింది.

సెప్టెంబరు 11

పక్కింటి సాహు వాళ్ళింట్లో తీజా పండగ పిండివంటలు. వాళ్ళ కోడలు ఠేఠరీ అనే శనగపిండి జంతికల పళ్ళెం పట్టుకుని వచ్చి కూర్చుంది. అత్తమ్మకు హుషారు వచ్చి, తను కొత్త కోడలిగా రాయపూర్ వచ్చిన కథ మొదలుపెట్టింది. ఇన్నేళ్ళున్నా ఆవిడకు బజారు హిందీయే. కథ చెప్పాలంటే తెలుగే. సాహు కోడలు నా మొహం చూసింది.

ఆలోచించకుండానే మొదలుపెట్టాను. అత్తమ్మ మాట చిన్నది. "రైలెక్కినాం." ఆగింది. హిందీలో చెప్పాను. "నానెప్పుడూ రైలు సూడలేదు." చెప్పాను. "ఆయన టిట్లాగఢ్‌లో టీకి దిగినాడు. బండి కదిలిపోనాది." చెప్పాను. తర్వాతది కొంచెం పొడుగు, మధ్యలో జారిపోయింది.  "ఏమన్నావు అత్తమ్మా?" అన్నాను. ఆవిడ అదే వాక్యం, అదే గొంతుతో, ఏమీ కానట్టు మళ్ళీ చెప్పింది. విసుక్కోలేదు. నా వైపు జాలిగా చూడలేదు.

కథ చివరి దాకా వచ్చాం. సాహు కోడలు కళ్ళు తుడుచుకుంది.

సెప్టెంబరు 12

ఈ రోజు నేనే అడిగాను, రాయపూర్ ఎలా వచ్చావని. మొదటిసారి చెబుతున్నంత ఉత్సాహంగా చెప్పింది. బియ్యం ఏరుతూ హిందీలో చెబుదామనుకున్నాను. కుదరలేదు. ఒకసారి ఒకే పని. బియ్యం పక్కన పెట్టాను.

సెప్టెంబరు 20

రోజూ చేస్తున్నాం. ఎవరితోనైనా ఇలా రోజూ ఒకే కథ చెప్పించుకుంటే పిచ్చిదాన్నంటారు. అత్తమ్మకు ప్రతిరోజూ కొత్తే. నేను నిన్న ఎన్నిసార్లు ఆగిపోయానో ఆవిడకు తెలియదు. ఆవిడ ముందు నాకు సిగ్గు లేదు.

కథ నాకు కంఠస్థం అయిపోతోందని రాజశ్రీతో అన్నాను. నవ్వి, అయితే అది దాచుకున్న చోటి నుంచి వస్తోంది, వేరే కథ అడగండి అంది. నిజమే. బొబ్బిలిలో చేపలు పట్టడం, తాతయ్య చుట్టలు, మామయ్యగారి మొదటి క్వార్టరు గోడలో తేలు. కొత్తవి అడిగితే ఎక్కువసార్లు జారుతుంది. జారనీ.

సెప్టెంబరు 30, ఆదివారం

మందిరానికి వెళ్ళి వెనక కూర్చున్నాను. అయ్యగారు హిందీలో తడబడుతుంటే వినలేకపోయాను.

అక్టోబరు 3

అయ్యగారింటికి వెళ్ళాను. అంతా చెప్పాను. దెబ్బ సంగతి, రాజశ్రీ చెప్పింది, ఉప్పు కథలో నేను కల్పించింది. వాళ్ళమ్మగారి గురించి అలా అన్నందుకు క్షమించమన్నాను.

ఆయన అంతా విన్నారు. తర్వాత తన సంగతి చెప్పారు. మధ్యలో ఆగితే చెప్పాల్సింది పోతుందేమోనని భయమట, వయసు పెరిగే కొద్దీ ఆ భయం ఎక్కువైందట, అందుకే ఒక్క ఊపిరిలో చెప్పేస్తున్నారట. వాక్యాలు పొడుగవుతున్నాయని నేను జూలైలో రాసుకున్నది అబద్ధం కాదన్నమాట.

"నువ్వు మళ్ళీ చెప్పమని అడిగితే నాకు చిన్నతనం కాదమ్మా. నేను చెప్పనిది నా పేరున పోతే చిన్నతనం. అందరి ముందే అడుగు," అన్నారు.

అక్టోబరు 7

ప్రసంగం మొత్తం కాదు, ప్రకటనలు మాత్రం తర్జుమా చేశాను. ఒకచోట మైకులోనే "అయ్యగారూ, మళ్ళీ చెప్పండి" అన్నాను. ఆయన మళ్ళీ చెప్పారు. ఎవరూ ఏమీ అనుకోలేదు. అనుకుని ఉంటే నాకు తెలియలేదు.

అక్టోబరు 21, ఆదివారం

సగం ప్రసంగం. చిన్న ముక్కలు. ఆయన రెండు మాటలు చెప్పి ఆగడం నేర్చుకుంటున్నారు, మధ్యలో మరిచిపోయి పరుగెత్తుతారు, నేను చెయ్యెత్తుతాను. పిల్లలు నవ్వారు. బయటికి మాత్రం ఎవరూ పోలేదు. ఇంటికొచ్చి పడుకుంటే సాయంత్రం దాకా లేవలేదు. తలనొప్పి.

అక్టోబరు 24

రాజశ్రీ మళ్ళీ అంకెలు చెప్పింది. కొంచెం మెరుగు. కొంచెమే. వెనక్కి తిప్పేటప్పుడు ఇంకా చెమటలు పడుతున్నాయి.

నవంబరు 4, ఆదివారం

ఈ వారం బాగా లేదు. ఫ్యాన్ల చప్పుడు, ఒక పసిబిడ్డ ఏడుపు, ఏదీ నిలవలేదు. మధ్యలోనే చిన్నారావు మాస్టారిని లేచి రమ్మన్నాను. ఆయన హిందీ, బడిలో చెప్పే పాఠంలా ఉంటుంది గానీ, నిలబెట్టారు. నా చోట ఇంకొకరు నిలబడి ఉంటే చూడటం కష్టమనిపించింది. ప్రసంగం ఆగిపోకపోవడం బాగుంది. రెండూ నిజమే.

కోత పండుగకు అత్తమ్మ చేత సాక్ష్యం చెప్పిద్దామని అయ్యగారు అన్నారు. నేను వద్దన్నాను. అంతమంది ముందు ఆవిడ కంగారు పడితే? ప్రేమ్ మాత్రం, కంగారు నీదా అమ్మదా అని అడిగాడు.

నవంబరు 18, ఆదివారం

కోత పండుగ.

మందిరం నిండిపోయింది. ముందు గుమ్మడికాయలు, వరి కంకులు, ఎవరో తెచ్చిన కోడిపుంజు. అత్తమ్మను చెయ్యి పట్టుకుని ముందుకు తీసుకెళ్ళాను. ఎందుకొచ్చామని అడిగింది. దేవుడు నీకు చేసిన మేలు చెప్పాలి, రాయపూర్ వచ్చిన కథ చెప్పమన్నాను. "ఓ, అదా," అంది, రోజూ వంటింట్లో అన్నట్టే.

చెప్పింది. నేను చెప్పాను. రైలెక్కడం, మామయ్యగారు టీకి దిగడం, బండి కదలడం. ఆయన పరుగెత్తుకొచ్చి వెనక పెట్టె ఎక్కిన సంగతి ఆవిడకు తెలియదు. వదిలేసి పోయాడనుకుంది. భాష రాదు, ఊరు తెలియదు, చేతిలో ఒక ట్రంకుపెట్టె. ఇక్కడ ఒక వాక్యం నా చేతుల్లోంచి జారిపోయింది. అందరి ముందూ ఆవిడ వైపు తిరిగి, "మళ్ళీ చెప్పు అత్తమ్మా," అన్నాను. మళ్ళీ చెప్పింది. ఇంకో చోట కూడా అడిగాను. ఆ నిశ్శబ్దంలో ఎవరూ కదల్లేదు. మునుపు ఆ నిశ్శబ్దం నన్ను మింగేసేది. ఈ రోజు అందులో నిలబడగలిగాను.

తర్వాత ఎదురు సీటులో కూర్చున్న ఒకావిడ గురించి చెప్పింది. ఆవిడ ఎవరో, ఏ ఊరో తెలియదు. రాయపూర్ దాకా ఈ పిల్ల చెయ్యి వదల్లేదట, ఒకటే మాట పదే పదే అన్నదట. అత్తమ్మ ఆ మాటను అలాగే చెప్పింది: "ఝన్ రో, నోనీ."

నేను నోరు తెరిచేలోపే మందిరంలో సగం మందికి తెలిసిపోయింది. ఏడవకు పిల్లా అని. వెనక బెంచీల్లోని ఛత్తీస్‌గఢీ అమ్మలు గొంతు కలిపి ఆ మాట తిరిగి అన్నారు. ఆ ఒక్కదానికీ తర్జుమా అక్కర్లేకపోయింది. తెలుగు ముసలమ్మలకు మాత్రం తెలుగులో చెప్పాను. ఇన్నేళ్ళలో నేను అటు నుంచి ఇటు చెప్పడం అదే మొదటిసారి.

భోజనాలయ్యాక పెద్దలు కూర్చున్నారు. ఆదివారం ఆరాధన రెండు భాషల్లోనూ ఉంటుంది. మాస్టారూ నేనూ చెరో వారం. అయ్యగారు చిన్న వాక్యాలు చెప్పాలని కూడా తీర్మానం రాశారు. ఆయన దాని మీద నవ్వుతూ సంతకం పెట్టారు.

ఆటోలో వస్తుంటే అత్తమ్మ నా కొత్త చీర తడిమి అడిగింది: "ఈయేళ ఏటే, పండగా?"

"కోత పండుగ. వెళ్ళొస్తున్నాం. నువ్వు సాక్ష్యం చెప్పావు."

"నానా? ఏటి చెప్పాను?"

మొదటి నుంచి చెప్పాను. ఆవిడ మాటలు ఆవిడకే. జనం ఎక్కడ నవ్వారో, ఎవరు ఏడ్చారో, వెనక బెంచీలు ఏమన్నాయో. నోరు కొంచెం తెరిచి, మెచ్చుకుంటూ విన్నది.

"నువ్వు తడబడ్డావా?" అంది.

"తడబడ్డాను. నువ్వు మళ్ళీ చెప్పావు."

"మరే," అని, రోడ్డు చూస్తూ కూర్చుంది.

గుఢియారీ దాటకముందే నా చీర తడిమి, ఈయేళ పండగా అని అడిగింది. మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. ఈసారి ఇంకా బాగా వచ్చింది.